చారెడు కళ్ళు లేని జ్ఞాపకం: ఇంటికి అందకుండా బతికిన ఇంటిమనిషిని గుర్తుంచుకోవడం ఎలా

చచ్చినవాడి కళ్ళు చారెడు అని సామెత. బతికి ఉండగా ఎవరి చూపూ ఆగని కళ్ళే మనిషి పోయిన మర్నాటికల్లా విశాలనేత్రాలైపోతాయని అందులోని ఎత్తిపొడుపు. ఆ మాట ఎవరికైనా వర్తిస్తుంది గానీ, ఒక రకం మనిషి విషయంలో దాన్ని పదేపదే తలుచుకోవలసి వస్తుంది. ఆయన కాలు ఒకచోట నిలవదు, చేతికి ఎముక ఉండదు, ముక్కూ మొహం తెలియనివాళ్ళతో పది నిమిషాల్లో వరసలు కలిపేస్తాడు. పాట గానీ, ప్రయాణం గానీ, పేకముక్క గానీ, ఏది ఎదురైతే దాని వెంట పోతాడు. భార్యాపిల్లల మీద ప్రేమకు లోటు ఉండదు, కాకపోతే వాళ్ళకు మాట ఇచ్చిన రోజున, ఇచ్చిన వేళకు గుమ్మంలో కనిపించడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న హితవును తిరగేసి, రచ్చ అంతా గెలిచి, ఇంట్లో మాత్రం జీవితాంతం సంజాయిషీ చెప్పుకుంటూ బతికినవాడు.

అటువంటి మనిషి పోయినప్పుడు కుటుంబానికి రెండు సులువైన దారులు కనిపిస్తాయి. ఆయనను త్యాగమూర్తిని చేసి పటం కట్టేయడం ఒకటి, ఆయన చేసిన అప్పులనూ తప్పిన మాటలనూ ఏకరువు పెట్టి ఇక ఆ పేరు ఎత్తకుండా ఊరుకోవడం రెండోది. మొదటిదాన్ని సాధారణంగా బంధువులు ఎంచుకుంటారు, రెండోదాన్ని బాధపడ్డవాళ్ళు ఎంచుకుంటారు. రెండింటిలోనూ అసలు మనిషి జారిపోతాడు. మా నాన్న ఇటువంటివాడే కాబట్టి ఈ రెండు దారులూ మా ఇంట్లో నడిచి చూశాము, కింద రాస్తున్నవాటిలో సగం ఆ తప్పటడుగుల నుంచి నేర్చుకున్నవే.

మొదలుపెట్టే ముందు ఒక హద్దు చెప్పాలి. ఇటువంటి మనిషిని నలుగురూ స్వేచ్ఛాజీవి అంటారు. ఆ మాట చపలత్వానికీ, నిలకడలేమికీ, డబ్బు విషయంలో అజాగ్రత్తకూ సరిపోతుంది. ఇంట్లోవాళ్ళను కొట్టిన మనిషికి, భయపెట్టి బతికిన మనిషికి ఆ మాట ముసుగు వేయకూడదు. అటువంటి ఇంట్లో ఎవరైనా "నేను గుర్తుచేసుకోను" అంటే అది వాళ్ళ హక్కు, ఈ వ్యాసం వాళ్ళను ఒప్పించడానికి రాసింది కాదు.

ముందు ఎవరికి వారు రాసుకోండి, తర్వాత కలిసి మాట్లాడుకోండి

మనిషి పోయిన తొలి వారాల్లో ఇంటికి వచ్చిన ప్రతివారికీ అవే నాలుగు సంగతులు చెబుతాము. చెప్పిన కొద్దీ అవి నునుపుదేలుతాయి. వినేవాళ్ళు ఎక్కడ నవ్వారో ఆ చోటు పెరుగుతుంది, ఎక్కడ ఇబ్బందిగా కదిలారో ఆ చోటు తరుగుతుంది. నెల తిరిగేసరికి జరిగిన సంగతి మిగలదు, చెప్పిన సంగతి మిగులుతుంది. బ్రిటిష్ మనోవైజ్ఞానికుడు ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒక కథను ఒకరి నుంచి ఒకరికి చెప్పించి చూసినప్పుడు, అది పొట్టిదవుతూ, వింతగా ఉన్నవన్నీ రాలిపోయి, వినేవాళ్ళు ముందే ఊహించగల కథలా తయారయింది. మన మనిషిలో విలువైనవన్నీ ఆ వింతగా ఉన్నవే కదా.

జ్ఞాపకం బలంగా ఉన్నంత మాత్రాన అది నిజమని కూడా అనుకోలేము. 1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక పేలిపోయిన మర్నాడు, ఆ వార్త తమకు ఎక్కడ, ఎలా, ఎవరి ద్వారా తెలిసిందో ఉల్రిక్ నైసర్ అనే పరిశోధకుడు అమెరికాలోని విద్యార్థుల చేత రాయించి దాచాడు. రెండున్నరేళ్ళ తర్వాత వారిలో 44 మందిని మళ్ళీ అడిగితే, పావువంతు మంది చెప్పిన దానిలో ఒక్క ముఖ్యాంశమూ పాత కాగితంతో సరిపోలేదు. పూర్తిగా సరిపోయినవారు ముగ్గురే. తమ చేతిరాత చూపించినా, తప్పుగా గుర్తున్నవారికి పాత జ్ఞాపకం తిరిగి రాలేదు.

అందుకని తొలి నెలల్లోనే ఇంట్లో ప్రతి ఒక్కరూ, ఇతరులతో చర్చించకుండా, విడివిడిగా కొన్ని పేజీలు రాసి పెట్టుకోవాలి. రాయడం అలవాటు లేనివాళ్ళు ఫోన్‌లో మాట్లాడి రికార్డు చేసుకోవచ్చు. ఏం రాయాలన్న దిగులు వద్దు. ఆయన నడక చప్పుడు, ఫోన్ ఎత్తగానే అనే మొదటి మాట, అబద్ధం చెప్పేటప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకునేవాడు, చొక్కా జేబులో ఏముండేవి, ఏ మాటను ఎప్పుడూ తప్పుగా పలికేవాడు, ఇటువంటివి ముందు రాయాలి, ఎందుకంటే ముందు పోయేవి ఇవే. ఆయన మాటలను మీ భాషలోకి మార్చకుండా, తిట్టుతో సహా, ఆయన అన్నట్టే రాయండి.

మేము ఈ పని ఆలస్యంగా చేశాము. మా నాన్న ఒకసారి ఎవరికీ చెప్పకుండా ఇల్లు వదిలి వెళ్ళిపోయి, కొన్నాళ్ళకు ఏమీ జరగనట్టు పాట పాడుకుంటూ తిరిగివచ్చాడు. అది వారమని అన్నయ్య రాశాడు, తొమ్మిది రోజులని నేను రాశాను, రెండు మూడు రోజులకే ఇంత రాద్ధాంతమా అని పెద్దమ్మ అన్నది. అమ్మ ఏమీ అనలేదు, మేము కూడా అడగలేదు.

విశేషణాలు కొట్టేయండి, సంఘటన ఉంచండి

రాసిన కాగితాలు చేతికి వచ్చాక చేయవలసిన అసలు పని ఇది. విశేషణాలన్నిటి కింద గీత గీయండి. ఉదారుడు, సరదా మనిషి, బాధ్యత లేనివాడు, మొండివాడు, ఇలా ఎన్ని ఉంటే అన్ని. ఒక్కొక్క దాని దగ్గర ఆగి, ఆ మాట వాడడానికి కారణమైన ఒక రోజును గుర్తుతెచ్చుకుని, మాట స్థానంలో ఆ రోజును రాయండి. రోజు దొరకకపోతే ఆ విశేషణం మీది కాదు, ఎవరో అనగా విన్నది.

ఉదాహరణకు నా కాగితంలో "నాన్న చాలా దయగల మనిషి" అని ఉంది. దాని వెనక ఉన్న రోజు ఇది. జోరున వాన కురుస్తుంటే నన్ను బడి నుంచి తీసుకురావడానికి గొడుగు పట్టుకుని బయలుదేరిన ఆయన, దారిలో చంటిబిడ్డతో తడుస్తున్న ఒకామెను చూసి, గొడుగు ఆమె మీద పట్టి, ఇంటిదాకా దిగబెట్టి, ఆ ఇంటివాళ్ళతో కబుర్లలో పడి, గొడుగు అక్కడే వదిలేసి, చీకటి పడ్డాక బడికి వచ్చాడు. అప్పటిదాకా నేను బడి మెట్ల మీద కాపలా మనిషి పక్కన కూర్చుని ఉన్నాను. ఇంటికి వస్తూ ఇద్దరమూ తడిశాము. దారి పొడుగునా ఆయన ఆ చంటిబిడ్డ ఎలా తుమ్మిందో చేసి చూపిస్తూ వచ్చాడు, నేను ఏడుపు ఆపి నవ్వాను. దయ, నిర్లక్ష్యం, హాస్యం మూడూ ఆ ఒక్క సాయంత్రంలో ఉన్నాయి. "దయగలవాడు" అని రాసినప్పుడు మెట్ల మీద కూర్చున్న పిల్ల కనిపించదు, "బాధ్యత లేనివాడు" అని రాసినప్పుడు ఆ చంటిబిడ్డ కనిపించదు.

ఇటువంటి మనుషుల గుణమూ దోషమూ చాలాసార్లు ఒకే వేరు నుంచి వచ్చినవి. ఎదురుగా ఉన్న మనిషికి పూర్తిగా తనను ఇచ్చుకోగల స్వభావమే, ఎదురుగా లేని మనిషిని పూర్తిగా మరిచిపోయే స్వభావం కూడా. రేపటి గురించి భయం లేకపోవడం వల్లే ఆయన సమక్షం అంత తేలికగా ఉండేది, ఆ భయమంతా ఇంట్లో మరొకరు మోయవలసి వచ్చేది. కాబట్టి మంచిని ఒక తక్కెడలో, చెడును మరొక తక్కెడలో పెట్టి తూచే పద్ధతి ఇక్కడ పనికిరాదు. తూచి చివరికి ఏదో ఒక పక్కకు తీర్పు చెప్పాలన్న తొందర కూడా అక్కర్లేదు.

మన భాషలోని కొన్ని అలవాట్లు ఈ పనికి అడ్డం వస్తాయి, వాటిని కనిపెట్టి ఉండాలి. మొదటిది "కానీ". "ఆయన ప్రేమగలవాడు, కానీ ఇల్లు పట్టించుకోలేదు" అన్నప్పుడు తీర్పు తర్వాతి ముక్కకు పోతుంది, ముక్కలను తారుమారు చేస్తే తీర్పూ తారుమారవుతుంది. ఆ "కానీ" తీసేసి రెంటినీ రెండు వాక్యాలుగా పక్కపక్కన నిలబెట్టి చూడండి, మనిషి ఊపిరి తీసుకుంటాడు.

రెండవది మరింత లోతైనది. పోయినవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు "చేశాడు" అన్నది తెలియకుండానే "చేసేవాడు" అయిపోతుంది. పదేళ్ళలో ఒక్కసారి పుట్టినరోజుకు బొమ్మ తెచ్చిన మనిషి "పుట్టినరోజులకు బొమ్మలు తెచ్చేవాడు" అవుతాడు. ఒక రాత్రి తాగి వచ్చి అరిచిన మనిషి "రోజూ తాగి వచ్చి అరిచేవాడు" అవుతాడు. ఒక్క ప్రత్యయం పొగడ్తనూ నిందనూ పదింతలు చేయగలదు. రాసిన ప్రతి "-ఏవాడు" దగ్గర ఆగి, ఎన్నిసార్లు అని మిమ్మల్ని మీరు అడగండి. ఒకసారైతే ఒకసారని రాయండి. ఒక్కసారే తెచ్చిన బొమ్మకు ఉన్న విలువ ఏటేటా తెచ్చినదానికి ఉండదు, అది తెచ్చిన రోజు ఆయన ముఖం ఎలా ఉందో గుర్తున్నది కూడా అందుకే.

మూడవది మెత్తని మాటలు. తాగుడు "కొంచెం అలవాటు" అవుతుంది, అప్పు "ఇబ్బందులు" అవుతుంది, ఇంటికి రాకపోవడం "తిరుగుడు ఎక్కువ" అవుతుంది. నలుగురిలో ఈ మాటలు మర్యాద కోసం అవసరమే గానీ, సొంత కాగితంలో వాటికి చోటివ్వకూడదు. ఇక చిన్ననాటి స్నేహితులు బతికినంత కాలం "వాడు" అని పిలిచి, పోయాక "వారు" అనడం మొదలుపెడతారు. వాళ్ళ జ్ఞాపకాలు రాసేటప్పుడు ఆ "వాడు"ను దిద్దకండి. ఆ పిలుపులో ఉన్నంత స్నేహం మరే వర్ణనలోనూ ఉండదు.

ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

ఆయన గురించి అందరికంటే బాగా మాట్లాడేవాళ్ళు స్నేహితులు. అందుకే వాళ్ళను చివర అడగాలి. ఆయన స్వేచ్ఛకు మూల్యం చెల్లించినవారిని ముందు అడగాలి. సాధారణంగా అది భార్య, లేదా తండ్రి చేయవలసిన పనులు చిన్న వయసులోనే నెత్తిన వేసుకున్న పెద్ద సంతానం, లేదా అప్పులకు జామీను ఉన్న తోబుట్టువు. వాళ్ళ మాట ముందు వినకపోతే, స్నేహితుల కథలు విని ఇల్లంతా నవ్వుకున్న తర్వాత వాళ్ళు ఇక నోరు విప్పరు.

ఒకే ఇంట్లోని పిల్లలకు ఒకే తండ్రి ఉండడని కూడా గుర్తుంచుకోవాలి. పెద్దవాడు చూసిన ముప్పై ఏళ్ళ దేశదిమ్మరి వేరు, కడగొట్టు పిల్ల చూసిన, మోకాళ్ళ నొప్పులతో ఇంటిపట్టున ఉన్న యాభై ఏళ్ళ మనిషి వేరు. వాళ్ళిద్దరూ వాదించుకుంటే ఎవరూ అబద్ధం ఆడుతున్నట్టు కాదు. తేదీలు, ఊళ్ళు, ఉద్యోగాలు వంటివి పాత ఉత్తరాలతో, బ్యాంకు పుస్తకాలతో, ఫొటోల వెనక రాతలతో సరిచూడవచ్చు, సరిచూడాలి కూడా. ఆయన ఎటువంటివాడు అన్నదానిని మాత్రం ఏకగ్రీవం చేయడానికి ప్రయత్నించకండి. రెండు కథనాలనూ, ఎవరిది ఏదో పేరుతో సహా, విడిగా ఉంచండి.

అడిగే ప్రశ్నలు చిన్నవిగా, చేత్తో పట్టుకోగలిగేటట్టు ఉండాలి. "నాన్న ఎలాంటివారు?" అని అడిగితే వచ్చేది నాలుగు విశేషణాలు. "ఆయన మిమ్మల్ని మొదటిసారి అప్పు అడిగినప్పుడు ఎక్కడ నిలబడి ఉన్నారు?", "ఆలస్యంగా వచ్చిన రాత్రి తలుపు ఎవరు తీసేవారు, తీసినవారు ఏమనేవారు?", "మీరు ఆయనతో మాట్లాడడం మానేసిన రోజులు ఉన్నాయా, మళ్ళీ ముందుగా ఎవరు పలకరించారు?" అని అడిగితే మనిషి నడిచి వస్తాడు. ఒక్కొక్కరితో విడిగా, ఫ్యాను చప్పుడు లేని గదిలో, ఫోన్‌ను దగ్గరగా పెట్టి, అనుమతి అడిగి రికార్డు చేయాలి. గంట దాటనివ్వకూడదు. వాళ్ళు ఆగినప్పుడు మీరు వెంటనే మరొక ప్రశ్న వేయకుండా ఊరుకోవడం నేర్చుకుంటే, ఆ మౌనం తర్వాత వచ్చేదే చాలాసార్లు అసలు సంగతి.

ఒక కష్టమైన విషయం ఉంది. ఇటువంటి మనిషి పోయాక, ఇంటికి తెలియని మనుషులు కొందరు దుఃఖపడుతూ కనిపించవచ్చు. ఒక పాత స్నేహితురాలు, విడిపోయిన భార్య, ఎవరికీ చెప్పని బిడ్డ. సమాజం గుర్తించని, బయటికి చెప్పుకోవడానికి వీలులేని ఇటువంటి దుఃఖం గురించి అమెరికా పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లోనే ఒక పుస్తకం వెలువరించాడు. ఆ దుఃఖం నిజమైనదేనని ఒప్పుకోవడం వేరు, దానికి మీ ఇంటి సంస్మరణ సభలో కుర్చీ వేయడం వేరు. ఈ విషయం బయటపడితే, ముందు తెలుసుకోవలసిన హక్కు ఎవరిదో వాళ్ళకు, అంటే భార్యకూ ఎదిగిన పిల్లలకూ, ఏకాంతంలో చెప్పాలి. నలుగురి ఎదుట, మైకు ముందు, లేదా కుటుంబ వాట్సాప్ గుంపులో ఆ సంగతి తెలియడం కంటే క్రూరమైనది లేదు. ఆస్తి, వారసత్వం ముడిపడి ఉంటే భావోద్వేగాలను పక్కన పెట్టి న్యాయవాదిని కలవాలి.

నలుగురిలో మాట్లాడవలసి వస్తే

చనిపోయినవారి గురించి చెడు మాట్లాడవద్దన్న నియమం చాలా పాతది. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దపు స్పార్టా జ్ఞాని కైలాన్ పలుకుల్లో అది ఒకటని ప్రాచీన గ్రీకు రచయిత డయోజెనెస్ లయెర్షియస్ రాశాడు. ఆ నియమాన్ని నేను పాటిస్తాను, అయితే ఒక సవరణతో. చెడు చెప్పకపోవడం మర్యాద, లేని మంచిని కల్పించడం అమర్యాద. ఎందుకంటే ఆ కల్పన వింటూ ముందు వరసలో కూర్చుని ఉండేది, నిజం తెలిసిన ఆయన భార్యే. "కుటుంబమే ప్రాణంగా బతికిన ఆదర్శ తండ్రి" అన్న మాట మైకులో వినిపించినప్పుడు, ఆమె పడ్డ పాట్లన్నీ ఒక్క వాక్యంతో చెరిగిపోతాయి.

అయిదు నిమిషాలు మించకుండా, ఒక్క సంఘటన చుట్టూ మాట్లాడడం మేలు. ఎంచుకున్న సంఘటనలో ఆయన తత్వం కనిపించాలి, ఆయన వల్ల కలిగిన ఇబ్బంది కూడా ఒక పలుచని నీడలా కనిపించాలి. ఇలా చెప్పవచ్చు: "మా నాన్నకు గడియారం అంటే పడేది కాదు. నా పెళ్ళిచూపులకు కూడా రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు, వస్తూ వస్తూ దారిలో పరిచయమైన ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. అమ్మ ఆ రోజు ఎలా నెట్టుకువచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఇద్దరిలో ఒకరు ఈ రోజు ఇక్కడ వెనక వరసలో కూర్చుని ఉన్నారు." ఇందులో అబద్ధం లేదు, నింద లేదు, అమ్మ చేసినది ఎవరూ మరిచిపోలేదు. అక్కడ ఉన్నవాళ్ళకు మిగతాది తెలుసు.

నవ్వించే కథ చెప్పే ముందు, ఆ రోజు ఆ నవ్వుకు ఎవరు బలయ్యారో ఒక్కసారి ఆలోచించి, వాళ్ళకు ముందుగా వినిపించండి. వాళ్ళు వద్దంటే ఆ కథ ఎంత గొప్పదైనా వదిలేయండి. అప్పులు, అనారోగ్యపు వివరాలు, ఇతరుల రహస్యాలు సభకు రాకూడదు. పత్రికకో బంధువులకో పంపే చిన్న ప్రకటనలో అయితే పేరు, వయసు, చేసిన పని, ఇష్టపడ్డది ఒకటి, కుటుంబసభ్యుల పేర్లు చాలు. అక్కడ కవిత్వం ఎక్కువైతే కృత్రిమంగా ఉంటుంది.

మనవలకు చెప్పడం వేరే పని. మరణం తిరిగిరానిదన్న సంగతి పిల్లలకు దాదాపు 5 నుంచి 7 ఏళ్ళ మధ్య అర్థమవుతుంది, అందుకని "ఊరెళ్ళాడు" అని చెప్పకూడదు. అందులోనూ ఊళ్ళు తిరగడమే అలవాటైన తాత విషయంలో ఆ మాట మరీ ప్రమాదం, పిల్లవాడు గుమ్మం దగ్గరే కూర్చుంటాడు. తప్పుల గురించి పిల్లలు అడిగినప్పుడు అడిగినంత మేరకు నిజం చెప్పండి. "తాత మాట ఇచ్చి మరిచిపోయేవాడు, అప్పుడు నాకు కోపం వచ్చేది" అన్న వాక్యం ఆరేళ్ళ పిల్లకు కూడా అందుతుంది.

ఫోన్, ఫొటోలు, కాగితాలు

ఇక్కడ తొందర అవసరం. వాట్సాప్ ఖాతాను 120 రోజులు వాడకపోతే సాధారణంగా తొలగిస్తారు, రెండేళ్ళు వాడని గూగుల్ ఖాతాను అందులోని ఫొటోలతో సహా తొలగించే అధికారం ఆ సంస్థకు ఉంది. అందుకని ఆయన సిమ్ కార్డును రద్దు చేసే ముందే, ఆయన పంపిన వాయిస్ సందేశాలను మీ దగ్గర ఉన్న ఫోన్లన్నిటి నుంచీ వెతికి కంప్యూటర్‌లోకి తీసుకోండి. గొంతు కూడా మరపున పడిపోవచ్చు. పాత క్యాసెట్లు ఉంటే వాటి అయస్కాంతపు పూత ఏటికేడు పాడవుతుంది కాబట్టి వాయిదా వేయకుండా డిజిటల్‌కు మార్పించండి. చిన్న ఫొటోలను 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో, స్కాన్ చేయించండి. వాటి వెనక పేర్లు రాయడానికి బాల్‌పెన్ను కాకుండా మెత్తని పెన్సిల్ వాడండి. అన్నిటికీ మూడు ప్రతులు ఉంచి, ఒకదాన్ని మరొక ఇంట్లో పెట్టండి.

ఫోన్‌లో ఏది చూడాలో, ఏది చూడకూడదో చూడడానికి ముందే ఇంట్లో తేల్చుకోవాలి. నా అభిప్రాయంలో, మీకు రాసినవి కాని సంభాషణలను చదవకపోవడమే మంచిది. అప్పుల లెక్క తెలుసుకోవడానికి బ్యాంకు సందేశాలు చాలు. అప్పుపత్రాలను మాత్రం కోపంతో చించేయకండి, తీర్చిన తర్వాత కూడా దాచండి.

కోపం వచ్చినప్పుడు

ఇటువంటి మనిషి కోసం ఏడ్చేటప్పుడు మధ్యలో కోపం వస్తుంది, కొందరికి పైకి చెప్పుకోలేని ఉపశమనం కూడా కలుగుతుంది. రెండూ సహజమే. దుఃఖం అయిదు దశల్లో వరసగా నడుస్తుందన్న ప్రచారాన్ని పట్టుకుని, నేను ఇంకా కోపం దశలోనే ఆగిపోయానని బాధపడనక్కర్లేదు. 1969లో ఆ దశలను ప్రతిపాదించిన మానసిక వైద్యురాలు ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ మాట్లాడింది ప్రధానంగా మరణానికి దగ్గరైన రోగులతో, వెనక మిగిలినవారి కోసం ఆమె కాలపట్టిక వేయలేదు. 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు ప్రతిపాదించిన వివరణ నా అనుభవానికి దగ్గరగా ఉంది. మనిషి పోయిన దుఃఖం వైపుకీ, బతుకు చక్కబెట్టుకునే పనుల వైపుకీ మనసు ఊయలలా అటూ ఇటూ పోతూ వస్తూ ఉంటుందని, ఆ ఊగడమే ఆరోగ్యమని వారి మాట. ఉదయం ఆయన చేసిన అప్పుకు వడ్డీ కట్టి వచ్చి, సాయంత్రం ఆయన పాట విని ఏడవడంలో వైరుధ్యం ఏమీ లేదు.

కోపం ఎక్కువైతే ఆయనకే ఉత్తరం రాయండి. అమెరికా మనోవైజ్ఞానికుడు జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు తమ జీవితంలోని అతి బాధాకరమైన విషయాన్ని, జరిగినదానితో పాటు అనుభూతిని కూడా కలిపి రాసినవారు, రాసిన రోజున మరింత దిగులుపడ్డారు గానీ, తర్వాతి నెలల్లో వైద్యుని దగ్గరికి వెళ్ళడం తగ్గింది. ఆ తర్వాతి పరిశోధనల్లో అందరికీ ఒకే రకమైన మేలు కనిపించలేదు, కాబట్టి రెండు రోజులు రాసి మనసు మరీ కుంగితే ఆపేయండి. ఆ ఉత్తరాన్ని దాచాలా, చించాలా అన్నది మీ ఇష్టం. ఎవరికీ చూపించనని ముందే నిర్ణయించుకుంటే మాత్రం చేయి నిజం రాస్తుంది.

నెలలు గడిచినా ఎడతెగని ఆరాటం రోజంతా పట్టి ఉండి, తిండి, నిద్ర, పని సాగకపోతే అది ఒంటరిగా మోయవలసింది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో దీర్ఘకాలిక దుఃఖ రుగ్మతకు ఆరు నెలల గడువు పెట్టారు, అమెరికా మానసిక వైద్యుల 2022 నాటి వర్గీకరణలో పెద్దవారికి ఏడాది. తమను తాము చంపుకోవాలన్న ఆలోచన వస్తే ఏ గడువూ చూడకుండా అదే రోజు వైద్యుణ్ణి కలవాలి.

పుస్తకంలో ఖాళీ పేజీలు వదలండి

పోగుచేసినవన్నీ ఒక నోటు పుస్తకంలోకి ఎక్కించేటప్పుడు కుడి పక్క పేజీలో మాత్రమే రాసి, ఎడమ పక్క పేజీని ఖాళీగా వదలండి. అచ్చు వేయించాలన్న ఉత్సాహాన్ని కొన్నేళ్ళు ఆపుకోండి. ఆయన ఇల్లు వదిలి తిరిగిన వయసుకు మీరు చేరినప్పుడు, లేదా మీ పిల్లలు మీ కోసం గుమ్మంలో ఎదురుచూసిన రోజున, ఇప్పుడు రాసినది వేరుగా కనిపిస్తుంది. అప్పుడు పాతదాన్ని కొట్టేయకుండా, ఎదుటి పేజీలో తేదీ వేసి కొత్తది రాయండి. ఇప్పుడు రాయనన్నవాళ్ళను బతిమాలకండి. పుస్తకం వాళ్ళకు అందేచోట, పక్కన ఒక కలంతో ఉంచితే చాలు.

మా అమ్మ రెండేళ్ళు ఆ పుస్తకం ముట్టుకోలేదు. మూడో ఏడు ఒక మధ్యాహ్నం దాన్ని తీసి చూస్తే, నాన్న చెప్పకుండా వెళ్ళిపోయిన సంగతి దగ్గర, నేను రాసిన తొమ్మిది రోజులకు ఎదురుగా ఉన్న ఖాళీ పేజీలో, ఆమె చేతిరాతతో ఒకే వాక్యం ఉంది: "పదకొండు రోజులు, వచ్చింది తెల్లవారుజామున, తలుపు తీసింది నేను."